అచ్చు మీద దెబ్బ పడ్డప్పుడల్లా

పాప పుట్టిన నాలుగో నెలలో మళ్ళీ బల్ల దగ్గర నిలబడ్డాను. పెడనలో మా అత్తగారింటి షెడ్డులో కలంకారీ వేస్తాం. చెక్క అచ్చును రంగులో అద్ది, గుడ్డ మీద పెట్టి, పైన గుప్పిటతో గట్టిగా కొట్టాలి. కొట్టిన ప్రతిసారీ నాకు తెలియకుండానే రెండు చుక్కలు మూత్రం కారిపోయేది.

మొదటిరోజు చెమటనుకున్నాను. రెండోరోజూ అలాగే అనుకోవాలని చూశాను. తర్వాత డైరీలో గుర్తు పెట్టడం మొదలుపెట్టాను. కారినప్పుడల్లా ఒక చుక్క, పక్కన టైము. మాటల్లో రాయడానికి సిగ్గు. ఎవరైనా తీసి చదువుతున్నారేమోనని పేజీల మధ్య ఒక వెంట్రుక పెట్టి మూసేదాన్ని; అది జారిపోయి ఉంటే ఎవరో తెరిచారన్నమాట.

అత్తయ్య మీదే ఎక్కువ అనుమానం. చీర ఎందుకు తడిసిందంటే, "పాప పోసిందండీ" అనేదాన్ని. ఒకరోజు ఆవిడ ఉయ్యాల వైపు చూసి, "అది గంట నుంచి నిద్రపోతోంది. అక్కణ్ణుంచి ఇక్కడిదాకా ఎలా పోసిందే?" అంది. పక్కబల్ల పిన్ని కిసుక్కున నవ్వింది. తన కూతురికి పని ఇప్పించమని ఆ పిన్ని అత్తయ్య చుట్టూ తిరుగుతోంది. నా సంగతి బయటపడితే నా బల్ల ఆ పిల్లదవుతుంది. ఆ ఇంట్లో నాకంటూ ఉన్నది ఆ బల్ల ఒక్కటే.

అందుకని నీళ్ళు తాగడం దాదాపు మానేశాను. బాలింత నీళ్ళు తగ్గించాలని అత్తయ్య ముందునుంచీ అనేదే కాబట్టి ఎవరికీ వింతగా లేదు. పొట్ట జారకుండా ఆవిడ పాతచీరతో చుట్టిన నడుంకట్టును ఇంకా బిగించుకున్నాను. కారడం తగ్గలేదు. పైగా మంట మొదలైంది.

పాప టీకాకి అత్తయ్యా నేనూ బందరు ఆసుపత్రికి వెళ్ళాం. అత్తయ్య పాపనెత్తుకుని బయట కూర్చున్నప్పుడు లేడీ డాక్టరుకి చెప్పేశాను. ఆవిడ మంటకి పరీక్ష రాసి, ఫిజియోథెరపీ మేడం దగ్గరికి పంపారు. అక్కడ తలుపు లేదు, కర్టెనే. కర్టెన్ కింద అత్తయ్య చెప్పులు కనిపించాయి.

"ఎప్పుడెప్పుడు కారుతోందమ్మా?"

ఆ చెప్పుల వైపు చూసి, సంచిలోంచి డైరీ తీసిచ్చాను.

"ఇలా రాసుకురమ్మని అందరినీ బతిమాలతాను," అన్నారు మేడం. "అన్నీ పగటిపూటే. ఏం పని చేస్తావు?"

చెప్పాను. మూత్రం ఆపుకుంటున్నట్టు లోపలి కండరాన్ని బిగించి, పైకి లాగి, ఐదు లెక్కపెట్టి వదలమన్నారు. "అచ్చు కొట్టేముందు బిగించు. ఊపిరి వదులుతూ కొట్టు. ఆ నడుంకట్టు తీసెయ్యి. నీళ్ళు తాగు."

"దీనికి మాత్రలు రాయరా అండీ?"

"ముందు ఈ కసరత్తు. మూడు నెలలు రోజూ చెయ్యి. తగ్గకపోతే ఇంకా మార్గాలున్నాయి."

సూది లేదు, మాత్ర లేదు. నన్ను వదిలించుకుంటున్నారనిపించింది. చెప్పులు మాత్రం కదల్లేదు.

బస్సులో అత్తయ్య పాప టీకా గురించే మాట్లాడింది. అందుకే ఇంకా భయం వేసింది. మర్నాడు షెడ్డులోకి వెళ్ళేసరికి నా బల్ల దగ్గర పిన్ని కూతురు అచ్చు తుడుస్తోంది. అయిపోయిందనుకున్నాను.

"నీది ఆ చివరి బల్ల, అటు పో. ఇది మా కోడలిది," అంది అత్తయ్య ఆ పిల్లతో. నా పక్కన నీళ్ళచెంబు పెట్టింది. నేను అచ్చు అద్ది గుడ్డ మీద పెట్టాను. ఆవిడ నా వైపు చూడకుండా గుడ్డ ముడతలు సర్దుతూ గొణిగింది.

"ముందు బిగించు. ఊపిరి వదులుతూ కొట్టు."

అంతా వింది. బిగించి, ఊపిరి వదులుతూ, కొట్టాను.

ఆరోజూ డైరీలో చుక్కలు పడ్డాయి. కానీ వాటి పక్కన, ఏం కారిందో మొదటిసారి మాటల్లో రాశాను. వెంట్రుక మాత్రం పెట్టే మూశాను.