అత్తయ్య ఎక్కలేని నడకదారి

ఏటి మీది వంతెన వెడల్పు చేసినన్నాళ్లూ ఆ దర్జీ అవతలున్న తన దుకాణానికి లారీలను రాసుకుంటూ నడిచింది. ఒక చేత్తో బట్టల సంచి, ఇంకో చేత్తో అత్తగారి జబ్బ. కాలిబాట తవ్వేశారు, వేరే దారి చూపలేదు. "ఇంట్లో కూర్చోలేరా?" అని డ్రైవర్లు తిట్టేవాళ్లు. ఆమె మాత్రం, "పనయ్యాక మనకీ దారిస్తారట అత్తయ్యా, ఓర్చుకుందాం" అనేది.

ఇచ్చారు. రంగురాళ్లు, దీపాలు, మెరిసే కమ్మీలు. కాకపోతే ఎక్కడానికి ఇనుప మెట్లు పెట్టారు. మోకాలు వంగని అత్తగారు కిందే నిలబడి తలెత్తి చూసి, "ఇది నడకదారా, అటకా?" అంది.

కింద రోడ్డంతా కార్లకే ఇచ్చేశారు. ఆ రోజు నుంచి అత్తగారు ఇంట్లో, కోడలు వంతెన అవతల దుకాణంలో.

ఆ దుకాణంలో కత్తిరింపూ మిషనూ కోడలివి, గుండీలు పట్టే కాజాలు అత్తగారివి. మగవాళ్లకు ఎడమవైపు, ఆడవాళ్లకు కుడివైపు. "ఎవరిదే ఇది?" అని కోడల్ని అడగనిదే అత్తగారు బట్ట మీద కత్తెర పెట్టేది కాదు. ఇప్పుడు కోడలు సంచిలో ఉంచి వెళ్లిన బట్టలకు ఇంట్లో ఒక్కతే కాజాలు వేస్తోంది, అడగడానికి ఎవరున్నారు? సంచిలోని నల్లకోటు మగవాళ్లదే అనుకుని ఎడమవైపు కోసేసింది. అది లాయరమ్మది.

"ఇది నాకు కుట్టారా, మా ఆయనకా?" అని లాయరమ్మ కోటు బల్ల మీద పడేసి వెళ్లిపోయింది. కోసిన కాజా మళ్లీ అతకదు.

"ఫోన్ చేసి అడగొచ్చుగా అత్తయ్యా!" అంది కోడలు ఇంటికొచ్చి.

"మిషను మోతలో నువ్వు ఫోనెత్తిందెప్పుడే? ఏటికి ఇవతల నుంచి కేకెయ్యమంటావా? పోనీ, సూది లాక్కో. గోడలు చూస్తూ కూచుంటా."

కోడలికి కోపం రాలేదు, భయం వేసింది. ఆ మనిషి ఒంట్లో బాగాలేనప్పుడు కూడా సూది వదల్లేదు. ఇప్పుడు నిజంగానే డబ్బాలో పెట్టి మూతపెట్టేసింది.

మర్నాడు కోడలు వంతెన ఆఫీసుకు వెళ్లింది. ఇంజినీరు గోడ మీది వంతెన నమూనా బొమ్మ చూపించాడు.

"నడకదారి తీసెయ్యలేదమ్మా, కాపాడాం. చూడండి, మనుషులు నడుస్తున్నారు కూడా."

"బొమ్మలోవాళ్లకి మోకాళ్లు నొప్పెట్టవు సార్. మెట్ల బదులు వాలుగా వెయ్యండి."

"వాలు వేస్తే కార్లు తిరిగే చోటు తగ్గుతుంది. అయినా అభ్యంతరాలు రావాలి కదా? ఒక్కటీ రాలేదు."

ఆమెకు ఒళ్లు మండింది. ఎలా వస్తాయి? మెట్లెక్కలేనివాళ్లు ఇళ్లలో ఆగిపోయారు. అభ్యంతరం చెబుదామంటే ఆ ఆఫీసూ మేడ మీదే!

"అయితే మొదటిది నాది, రాసుకోండి" అని కుర్చీ లాక్కుని కూర్చుంది. రాసుకునేదాకా లేవలేదు.

ఒక్కటి చాలదంటున్నారు. ఈ వంతెన దాటేవాళ్లంతా ఆ ఆఫీసుకు వెళ్లి వాలుదారి కావాలని చెప్పండి. ఆ ఇనుప మెట్ల చోట కాంక్రీటు ఇంకా పోయలేదు, పోశాక ఎవరూ పగలగొట్టరు. మోకాళ్లు బాగున్నవాళ్లే ముందు కదలండి. ఆ మేడ ఎక్కగలిగేది మీరే.