బుధవారం వంతు

భర్త పల్లంరాజు ఉన్నన్నాళ్లూ తలుపులమ్మకి తెల్లవారడమంటే కాలవ గట్టు మీద సైకిలు బెల్లే. ఆయన లాకుల దగ్గర లస్కరు, ఇరిగేషన్ వాళ్ల కాలవ కాపలా మనిషి. చీకటుండగానే వెళ్లి, నీటి కొలత పలక చూసి, ఎన్ని అడుగులుందో చేతి పుస్తకంలో రాసుకుని తిరిగొచ్చేవాడు. మలుపు దగ్గర బెల్లు వినపడ్డాక ఆవిడ టీ పెట్టేది. గుమ్మంలో కాళ్లు కడుక్కుంటూనే నీళ్లు ఎంత ఉన్నాయో చెప్పేవాడు. ఆవిడ అడక్కపోయినా చెప్పేవాడు. పోయిన ఆషాఢంలో ఒక మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నవాడు మళ్లీ లేవలేదు.

ఇప్పుడు ఆవిడ పొద్దున్నే చూసే కొలత వేరు. కోడలు సాయిదుర్గ భీమవరంలో ఇంజనీరింగ్ చదివింది. ఇంట్లోంచే ఉద్యోగం. డ్యూటీ అయిదింటికి మొదలవుతుంది. ఆరుకి ముందు స్నానానికి వెళ్లే పావుగంటా ఆ ల్యాప్‌టాప్ ముందు తలుపులమ్మ కూర్చోవాలి.

"ఏం ముట్టుకోకండి అత్తయ్యా. ఎరుపు కనపడితే కేకెయ్యండి, అంతే."

అయిదో తరగతితో బడి మానేసిన మనిషి. ఆ తెర మీద ఇంగ్లీషు అక్షరాలు ఆవిడకి రావు గానీ రంగులొచ్చు. ఎక్కడో దూరాన ఒక పెద్ద బిల్డింగు. అందులో బీరువాల్లాంటివి వరసలు వరసలుగా ఉంటాయి, వాటి నిండా పెట్టెల్లాంటి కంప్యూటర్లూ వైర్లూ. రైలు టిక్కెట్లు దగ్గర్నుంచి ఆస్పత్రి రిపోర్టుల దాకా ఆ వైర్లలోంచే పోతాయట. ఏ వైరు పని చేస్తోంది, ఏది ఆగిపోయింది అన్నది ఈ సాఫ్ట్‌వేర్ బొమ్మ గీసి చూపిస్తుంది. బాగుంటే పచ్చ, ఆగిపోతే ఎరుపు.

"పెద్ద కాలవ, దాంట్లోంచి పిల్ల కాలవలు, వాటిలోంచి బోదెలు అనుకోండి," అని మొదటిరోజే చెప్పింది సాయిదుర్గ. ఆ మాటతో సగం భయం పోయింది తలుపులమ్మకి.

మిగతా సగం కొత్త వెర్షన్ వచ్చాక పోయింది. అంతకుముందు ఎగువన ఒక పెట్టె ఆగితే దాని దిగువనున్న నాలుగొందలూ ఒక్కసారే ఎర్రబడి, ఫోను ఆగకుండా మోగేది. ఒకసారి అలాగే ఆవిడ పెట్టిన కేకకి సాయిదుర్గ తలమీది షాంపూతో పరిగెత్తుకొచ్చింది. అది చూసి కొడుకు ప్రసన్నకుమార్ వారం రోజులు నవ్వాడు. కొత్తదాంట్లో అలా కాదు. ఎగువన ఆగింది ఒక్కటే ఎర్రగా కనపడుతుంది. దిగువనున్నవన్నీ దాని కింద ఒక కట్టగా బూడిదరంగులోకి పోతాయి.

"తూము మూసుకుపోతే చేలన్నీ తిరుగుతామా? తూము దగ్గరికే పోతాం. ఇన్నాళ్లకి బుద్ధొచ్చింది దీనికి," అంది తలుపులమ్మ.

"ఆ ముక్క మా కంపెనీవాళ్లకి చెప్పాలమ్మా. గంటసేపు మీటింగు పెట్టి ఇదే చెప్పారు," అన్నాడు ప్రసన్నకుమార్, చెప్పులేసుకుంటూ. కడియం నర్సరీలో మొక్కలు లోడు చేయించే పని వాడిది. ఆరు కొట్టకుండానే బండి తీస్తాడు.

"మా కంపెనీ మీ కంపెనీ ఎప్పుడైందండీ?" అంది సాయిదుర్గ లోపల్నుంచి.

ఈ కొత్త వెర్షన్‌లో ఇంకో సుగుణం ఉంది. అది అలవాట్లు నేర్చుకుంటుంది. ఏ రోజు ఏ టైముకి ఏం జరుగుతుందో నాలుగు వారాలు గమనించి, మాటిమాటికీ ఒకే టైముకి జరిగేదాన్ని 'ఇది మామూలే' అని పక్కన పెట్టి, డ్యూటీలో ఉన్న మనిషిని అడుగుతుంది. ఆ మనిషి అవునంటే ఇక దాని గురించి ఎప్పుడూ మోగదు. సాయిదుర్గకి అలాంటివి ముప్పై రెండు వచ్చాయి. మంగళవారం మధ్యాహ్నంలోగా అన్నీ చూసి పంపెయ్యాలి.

ఆ మంగళవారం పొద్దున తలుపులమ్మ ఇడ్లీ పళ్లెం తెచ్చి పెట్టేసరికి కోడలు చేతులు ఒళ్లో పెట్టుకుని తెర వంక చూస్తూ కూర్చుంది.

"చల్లారిపోతాయి, తిను."

"ముప్పై ఒకటి అయిపోయాయి అత్తయ్యా. ఒక్కటి దగ్గర ఆగాను."

ఏడో వరసలో ఒక పెట్టె. ప్రతి బుధవారం ఆరూ పదికి ఆగిపోతుంది. నాలుగైదు నిమిషాలకి దానంతటదే లేచి కూర్చుంటుంది. సాఫ్ట్‌వేర్ అది మామూలే అంటోంది. బుధవారం పొద్దున అక్కడ జనరేటరు పరీక్ష పెడతారు, అందుకే అయ్యుంటుందని అందరూ అనుకుంటున్నారు.

"మరింకేం, అవునను."

"అనేద్దామనే ఉంది." సాయిదుర్గ ఇడ్లీ తుంచింది గానీ నోట్లో పెట్టుకోలేదు. "కాదంటే మా మేనేజరు కిరణ్ కుమార్ గారికి చెప్పాలి. మొదటి నెలలో నేను ఊరికే కంగారుపడి అందర్నీ పిలిచానని చెప్పాను కదండీ, అప్పుడు అందరి ముందూ అన్నారాయన, 'చూసుకుని పిలవాలమ్మా' అని. ఈ నెలాఖరుకే పర్మినెంట్ చేసేదీ లేనిదీ తేలేది. ఇప్పుడు మళ్లీ ఉత్తదానికి గొడవ చేశానంటే పంపించేస్తారు."

ఆ ఉద్యోగం కోసం పిల్ల ఎన్ని పరీక్షలు రాసిందో తలుపులమ్మకి తెలుసు. పెళ్లై వచ్చిన ఏడాదంతా పుస్తకం పట్టుకునే అన్నం తినేది. కాబట్టి ఆచితూచి అడిగింది.

"అయితే ఇది వంతా?"

"వంతేంటి?"

"దాళ్వా పంటకి నీళ్లు చాలనప్పుడు వంతులు వేస్తారు కదే. ఈ నాలుగు రోజులు ఈ తూము మూస్తారు, ఆ తూము తీస్తారు. మూసినన్నాళ్లూ కింద ఎండినా ఎవడూ గొడవ చెయ్యడు, వంతు అని తెలుసు గనక. ఇదీ అలాంటిదేనా అని."

"అలాంటిదే అంటోందండి సాఫ్ట్‌వేర్."

"ఎవరు వేశారు వంతు?"

సాయిదుర్గ తలెత్తింది.

"వంతంటే ఎవడో ఒకడు వెయ్యాలి. మీ మావయ్య ముందురోజే గట్టెంట పోయి రైతులందరికీ చెప్పి వచ్చేవాడు. చెప్పకుండా నీళ్లు ఆగితే అది వంతు కాదు. ఎక్కడో ఏదో అయిందన్నమాటే. నాలుగు వారాలు ఆగింది కదా అని ఐదో వారం దాన్ని వంతనేస్తామా?"

"ఎవరూ చెప్పలేదండి. పోనీ జనరేటరు పరీక్ష వల్ల అనుకుందామన్నా, ఆ పక్కనున్న పెట్టెలేవీ ఆగట్లేదు. ఒక్కోదానికి రెండేసి కరెంటు వైర్లుంటాయండి. పరీక్ష కోసం ఒకవైపు కరెంటు తీసినా రెండోవైపు నుంచి వస్తుంది. ఆగకూడదు."

తలుపులమ్మ గోడకి చేరగిలబడింది. ఆవిడ ముఖంలోకి నవ్వొచ్చింది.

"గణేష్‌బాబు చేనులాగ ఉంది."

"ఏ గణేష్‌బాబండి?"

"మన శివారు గణేష్‌బాబే. వాడి రెండెకరాలకీ అటొక బోదె, ఇటొక బోదె. 'నాకు వంతులతో పనేంటి, ఒకటి ఎండితే రెండోది పారుతుంది' అని రచ్చబండ మీద ఒకటే కోతలు. తీరా వంతులో నీళ్లు ఆపిన రోజున రెండూ ఎండిపోయాయి. ఇంటి మీదికొచ్చాడు. 'రాజు గారూ, రెండోది మీరు కావాలని కట్టించేశారు' అని ఆ గుమ్మంలో నిలబడి గోల. మీ మావయ్య ఒక్క మాట తిరగనలేదు. సైకిలెక్కు అన్నాడు. వెనకాల కూర్చోబెట్టుకుని మైలు దూరం తొక్కి, ఎగువకి తీసుకెళ్లి చూపించాడు. రెండు బోదెలూ ఒకే తూములోంచి బయల్దేరుతున్నాయి. వాడి పొలం దగ్గర చూస్తే రెండు, పైకెళ్లి చూస్తే ఒకటే. నడుచుకుంటూ వచ్చాడు గణేష్‌బాబు. సైకిలెక్కమన్నా ఎక్కలేదట."

ఆయన పోయాక ఆయన గురించి ఇంత పొడుగు మాట ఆవిడ నోట రావడం అదే మొదలు. ఆ సంగతి సాయిదుర్గ గమనించలేదు. ఆ పిల్ల కళ్లు తెర మీదున్నాయి, మనసు ఆ పెట్టె వెనకాలకి పోయింది.

"రెండు వైర్లూ ఒకే వైపు గుచ్చేసి ఉంటారంటారా?"

"నాకేం తెలుసమ్మా. వెళ్లి చూస్తే తెలుస్తుంది."

సాయిదుర్గ ఆ ముప్పై రెండోదాన్ని అవునననలేదు. పక్కన నాలుగు వాక్యాలు రాసి పంపింది. పదిన్నరకి ఫోనొచ్చింది. ల్యాప్‌టాప్ పక్కన పెట్టి స్పీకరు నొక్కింది.

"ఏంటమ్మా సాయిదుర్గా, ముప్పై ఒకటి ఓకే చేసి ఒకటి ఆపావు?" కిరణ్ కుమార్ గొంతులో విసుగుంది.

"అది మామూలు కాదనిపించిందండి. రెండు పవర్ కేబుళ్లూ ఒకే సైడుకి పెట్టేసి ఉంటారని నా అనుమానమండి. వెనక వైపు ఎవరైనా ఒక్కసారి చూస్తే..."

"సిస్టమే నార్మల్ అంటోంది కదా."

"ప్రతివారం అవుతోంది గనక అంటోందండి. ఎందుకవుతోందో దానికి తెలీదండి."

"పోయినసారి కూడా నువ్వు ఇలాగే..."

"పోయినసారి తప్పు నాదేనండి. ఈసారి కూడా తప్పైతే మీరేమన్నా పడతానండి."

వంటింటి గుమ్మంలో తలుపులమ్మ చేతిలోని తోటకూర కాడ రెండు ముక్కలైంది. తను చెప్పిన గణేష్‌బాబు కథ పట్టుకుని పిల్ల ఉద్యోగం పోగొట్టుకుంటుందేమోనని అప్పుడనిపించింది ఆవిడకి. బోదె సంగతి వేరు, కరెంటు వైరు సంగతి వేరు. నోరు మూసుకునుండాల్సింది.

"సరే, సాయంత్రం ఎవరినైనా పంపిస్తా," అని పెట్టేశాడాయన.

సాయంత్రం ఎవరో వెళ్లారో లేదో తెలీలేదు. ఫోను రాలేదు. ప్రసన్నకుమార్ కడియం నుంచి ఒక సన్నజాజి మొక్క తెచ్చి, ఇద్దరి ముఖాలూ చూసి, జోకు వెయ్యకుండానే అన్నం తిన్నాడు.

బుధవారం సాయిదుర్గ డ్యూటీ మొదలవకముందే, అయిదింటిలోపే స్నానం ముగించేసింది. ఆ రోజు తలుపులమ్మ కాపలా అవసరం లేదు. అయినా ఆవిడ పీట తెచ్చుకుని పక్కనే కూర్చుంది.

ఆరూ ఎనిమిది. ఆరూ తొమ్మిది. ఏడో వరస పచ్చగానే ఉంది. ఆరూ పదికి సాయిదుర్గ అత్తగారి మణికట్టు పట్టుకుంది. పదకొండైంది. పన్నెండైంది. పచ్చ.

"జనరేటరు వెయ్యలేదేమో," అంది తలుపులమ్మ నెమ్మదిగా.

"వేశారండి. ఇదిగో, ఇక్కడ చూపిస్తోంది." ఆరూ ఇరవైదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు. ఆ పెట్టె ఆగలేదు.

ఏడింటికి కిరణ్ కుమార్ ఫోను. "నువ్వన్నట్టే రెండూ ఒకే సైడులో ఉన్నాయమ్మా. రాత్రి మార్చారు. నువ్వు మామూలే అనేసుంటే ఇక అది మోగేదే కాదు, నిజంగా కరెంటు పోయిన రోజున తెలిసేది అందరికీ. ఎవరు చెప్పారు నీకు?"

"మా మావయ్య గారండి."

"ఓ, ఆయనా నెట్‌వర్కింగేనా? ఏ కంపెనీ?"

సాయిదుర్గ అత్తగారి వంక చూసింది. "ఇరిగేషనండి."

అవతల అర్థం కానట్టు ఒక నవ్వు. "సరేలే. నీ పేరు ఈవేళే పంపేస్తున్నాను. ఆర్డరు నెలాఖరుకి వస్తుంది."

ఫోను పెట్టేశాక సాయిదుర్గ కుర్చీ ఇటు తిప్పుకుంది. "అత్తయ్యా, ఆ గణేష్‌బాబు గారు తర్వాత మావయ్య గారితో మాట్లాడారా?"

"మాట్లాడకేం. కొడుకు పెళ్లికి మొదటి శుభలేఖ మనకే. అదింకో కథ."

"చెప్పండి."

పెరట్లో పంపు దగ్గర రాత్రి అంట్లు గుట్టగా ఉన్నాయి. ఆయన పోయిన దగ్గర్నుంచి తలుపులమ్మ ఒక్క గిన్నె కూడా పొద్దెక్కేదాకా ఉంచింది లేదు. పనుంటే ఆలోచన రాదని, పని లేకపోతే కల్పించుకునేది. పక్కింటి బుల్లెమ్మ గోడ మీంచి తొంగి చూసింది.

"ఏంటొదినా, ఒంట్లో బాగోలేదా? గిన్నెలన్నీ అలాగే ఉన్నాయి, కాకులు పీకుతున్నాయి."

"బాగానే ఉన్నాను. పీకనీ," అంది తలుపులమ్మ, పీట కోడలి కుర్చీ దగ్గరికి జరుపుకుంటూ. "ఆ పెళ్లికి మీ మావయ్య సైకిలు మీదే బయల్దేరాడు. వెనకాల నేను. కాలవ గట్టు మీద వాన..."