మున్నీసా పట్టు, నగ్మా పళ్ళు

ఇటు రేపల్లె దాకా, అటు బాపట్ల దాకా తెనాలి గాజుల మున్నీసాకి చెయ్యివ్వని ఆడపిల్ల లేదు. గాజుల మూట నెత్తిన పెట్టుకుని పాసింజర్ బళ్ళు ఎక్కుతూ దిగుతూ ముసలిదైన మనిషి. ఎంత బిగుతు చెయ్యైనా సరే, సబ్బు నురగ రాసి, బొటనవేలి కింద ఎముక నొక్కి, పిల్ల 'అబ్బా' అనేలోపు గాజు మణికట్టు మీదికి దాటించేది. గాజులతో పాటు తిట్లు కూడా పడేవి. అవి కొసరు.

అలాంటి మనిషికి సొంత మనవరాలి నోరు లొంగలేదు.

కొడుకు షాకిర్ కూతురు నగ్మా తొమ్మిదో తరగతి. ముందు పళ్ళు బయటికి పొడుచుకొచ్చి ఉండేవి. నవ్వొస్తే చాలు, చున్నీ నోటికి అడ్డం పెట్టుకునేది. ఇనప తీగలు వేయించుకోనని ఏడిస్తే, గుంటూరు డాక్టరు గోపాలకృష్ణ అప్పుడే కొత్తగా వచ్చిన పళ్ళ తొడుగులు ఇచ్చాడు. కనబడీ కనబడని ప్లాస్టిక్ తొడుగు. తిండికి తప్ప తీయకూడదు. ఒకటి వదులయ్యాక ఇంకాస్త బిగువుది. అలా కొంచెం కొంచెం నెట్టుకుంటూ పళ్ళు వరసకొస్తాయన్నాడు.

ఆగస్టులో కొత్త తొడుగు ఎక్కించబోతే సగంలో ఆగిపోయింది.

"స్కూల్లో తీసేస్తున్నావు కదమ్మా?" అన్నాడు డాక్టరు. "ఈ నెల పాతదే పెట్టుకో. వచ్చేసారికి ఈ కొత్తది కూర్చోకపోతే ఇక తీగలే. నేను చేసేదేం లేదు."

తిరుగు బస్సులో మున్నీసా నిలదీసింది. నగ్మా కిటికీలోంచి చూస్తూ చెప్పింది.

"అన్నం ముందు కుళాయి దగ్గర తీసి కడుక్కోవాలి దాదీ. అందరూ చూస్తారు. కీర్తన నన్ను కట్టుడు పళ్ళ మామ్మ అంటుంది. అందుకే పొద్దున్నే తీసి డబ్బీలో పెట్టేస్తున్నా."

"కట్టుడు పళ్ళంటే అంత నామోషీయా? నావేంటే మరి? వీటితోనే మీ అబ్బాని, మీ అమ్మీని, సగం తెనాలిని నమిలేస్తున్నా!"

నగ్మా నవ్వలేదు.

"కీర్తనంటే శకుంతలమ్మ మనవరాలేగా? ఈసారి గాజులకి పిలవనీ, చెబుతా."

"వద్దు దాదీ, నీ కాళ్ళు పట్టుకుంటా! ఇంకా ఏడిపిస్తారు."

మున్నీసా నోరు మూసుకుంది. అది ఎప్పుడో గానీ జరగని పని.

ఆ వారంలోనే రంజాన్ వచ్చింది. మొదటి రోజా ఉపవాసం నాడు నగ్మా బడికి బయల్దేరుతుంటే తొడుగు డబ్బీలోనే కనబడింది.

"ఏంటే ఇది?"

"నోట్లో వస్తువుంటే రోజా పోతుందని పక్కింటి సల్మా చాచీ చెప్పింది."

"సల్మాకేం తెలుసు? దానికి కూరలో ఉప్పెంతో తెలీదు!" అంది గానీ, లోపల గుబులు పుట్టింది. పళ్ళ కోసం పిల్ల రోజా చెడగొట్టడమా? రోజా కోసం తీసేస్తే తీగలు తప్పవా? డబ్బీ పట్టుకుని మసీదు గేటు దగ్గర నిలబడి ఇమాం గౌస్ మొహిద్దీన్‌ని పిలిపించింది.

"దీనికి రుచేమైనా ఉంటుందా అమ్మా? కరుగుతుందా?" అని అడిగాడాయన.

"ప్లాస్టిక్కు సాబ్. కరగదు. రుచీ పచీ లేదు."

"అయితే తెల్లారకముందే సెహ్రీ తిన్నాక శుభ్రంగా తోముకుని పెట్టుకోమనండి. అది సరే, మీవి కట్టుడు పళ్ళే కదా? ఇన్నేళ్ళు అవి తీసేసే రోజా ఉన్నారా?"

మున్నీసా నాలుక కరుచుకుంది. అన్నేళ్ళుగా నోట్లో పళ్ళ సెట్టుతోనే రోజాలుంటోంది. ఆ సంగతి మనవరాలి దగ్గరికొచ్చేసరికి తట్టనే లేదు!

ఇంటికి నడుస్తుంటే ఇంకోటి తట్టింది. రోజా ఉన్న పిల్లకి బళ్ళో అన్నమే లేదు. అన్నం లేకపోతే కుళాయి లేదు. కుళాయి లేకపోతే కీర్తనా లేదు.

ఇక ఆ నెలంతా మున్నీసాదే రాజ్యం. సెహ్రీ తిన్నాక బ్రషు పట్టుకుని నూతి గట్టు దగ్గర కాపలా కాసేది. సాయంత్రం ఇఫ్తారు దగ్గర కూడా వదల్లేదు. "సమోసా అలా నెమరేస్తూ కూర్చుంటే తొడుగెప్పుడు పెడతావే?" అనేది.

"నొక్కేస్తోంది దాదీ."

"గాజు ఎముక దగ్గరికొచ్చినప్పుడే నొప్పి. అక్కడ చెయ్యి లాక్కుంటే గాజూ పోతుంది, తోలూ పోతుంది. దాటనీ."

పండగ ముందు గుంటూరు వెళ్ళారు. డాక్టరు కొత్త తొడుగు పెట్టి వేలితో నొక్కాడు. టక్కున కూర్చుంది.

"ఏం చేశావమ్మా ఈ నెల?"

"రోజాలున్నానండి."

"వచ్చే నెల కూడా ఉండమంటారా డాక్టరుగారూ?" అంది మున్నీసా.

డాక్టరు పగలబడి నవ్వాడు. "అన్నం తిననివ్వండి మామ్మగారూ! తిన్నాక మళ్ళీ పెట్టుకుంటే చాలు."

అసలు బెంగ అక్కడే ఉంది. పండగ వెళ్ళాక మళ్ళీ అన్నం, మళ్ళీ కుళాయి. అందుకే బడి తెరిచిన రోజు మున్నీసా క్యాను నిండా షీర్ ఖుర్మా పోసుకుని అన్నం బెల్లు వేళకి బళ్ళో దిగింది. పిల్లలంతా మూగారు. నగ్మా పాలల్లో తేలుతున్న సేమ్యాని చూసింది, కుళాయిని చూసింది, కీర్తనని చూసింది. మున్నీసా నాలుక దురద పెడుతోంది. పళ్ళు బిగబట్టి ఊరుకుంది.

నగ్మా లేచి కుళాయి దగ్గరికి వెళ్ళింది. తొడుగు తీసి, కడిగి, డబ్బీలో పెట్టింది. వచ్చి రెండు గ్లాసులు తాగింది. మళ్ళీ వెళ్ళి నోరు పుక్కిలించి తొడుగు ఎక్కించుకుంది.

"రోజూ ఇదేనా కట్టుడు పళ్ళ మామ్మా?" అంది కీర్తన.

"ఇవి కట్టుడువి కావే. కట్టుడువి ఎలా ఉంటాయో చూస్తావా?" నగ్మా వెనక్కి తిరిగింది. "దాదీ, చూపించు!"

ఇలాంటి పిలుపు కోసమే పుట్టినట్టు మున్నీసా పై సెట్టు తీసి, గాజు చూపించినట్టు రెండు వేళ్ళ మధ్య ఎత్తి పట్టుకుంది. కెవ్వున అరుపులు, ఆపైన నవ్వులు. కీర్తన షీర్ ఖుర్మా ముక్కులోకి పోయి ఉక్కిరిబిక్కిరైంది. అందరికన్నా గట్టిగా నవ్వింది నగ్మానే. భుజం మీద చున్నీ భుజం మీదే ఉంది.

ఆ సాయంత్రం రేపల్లె పాసింజర్‌లో మున్నీసా మూట విప్పనే లేదు. రేపల్లె వచ్చేదాకా పెట్టెలో అందరికీ మనవరాలి పళ్ళ గురించే చెప్పింది.