అక్క జాడీలో తూనీగ పిల్ల

మా మనవరాలి చేపల తొట్టిలో గప్పీ చేపలు పెట్టిన పిల్లలు రోజుకు రెండేసి చొప్పున మాయమవుతున్నాయంటే, కళ్ళజోడు సవరించుకుని వంగి చూద్దును కదా, నాచు కింద మట్టిరంగులో, ఆరు కాళ్ళతో, గుడ్లు మిటకరించుకుని కూర్చుని ఉంది నా పాత శత్రువు. కోడలు ఫోనులో మందు వెతకబోతే, వద్దమ్మా, ఆ ఘనకార్యం నేనొకసారి చేసి ఉన్నానని ఆపాను.

నిడదవోలు దగ్గర మా నాన్నగారు చేపపిల్లల చెరువులు చూసేవారు. మా అక్క బిస్కట్ల గాజు జాడీలో నాలుగు గప్పీలను పెంచుకుంటూ, వాటికి పేర్లు పెట్టి, నన్ను మాత్రం ముట్టుకోనిచ్చేది కాదు. అవి పెట్టిన పిల్లలు దాక్కోవడానికని పంటకాలువలోంచి నాచు తెచ్చి వేసింది. ఆ నాచుతోపాటే వచ్చిన ఒక పురుగు ఆ చేపపిల్లల్ని ఒక్కొక్కటిగా తినేస్తుంటే అక్క ఏడుపు చూడలేకపోయాను. చెరువులో చేపపిల్లల్ని వదిలే ముందు, పురుగులు చావడానికి నాన్నగారు సబ్బూ నూనే కలిపి నీళ్ళమీద చల్లించడం ఎన్నోసార్లు చూసినవాణ్ణే కాబట్టి, ఒక ఆదివారం అందరూ చర్చికి వెళ్తే కడుపునొప్పని ఇంట్లో ఉండిపోయి, ఆ వైద్యమే జాడీకీ చేశాను. అక్క తిరిగొచ్చేసరికి నాలుగు గప్పీలూ వెల్లకిలా తేలాయి. పురుగు మాత్రం నిక్షేపంగా ఉంది.

నాన్నగారు కొట్టలేదు. "ఒరే, ఆ నూనె పైకొచ్చి గాలి పీల్చే పురుగులకిరా. ఇది తూనీగ పిల్ల, నీళ్ళలోనే ఊపిరి తీసుకుంటుంది, దీన్ని ఏరి తియ్యాలి. అయినా చేపలున్న నీళ్ళలో సబ్బెవరన్నా వేస్తారేంట్రా?" అన్నారు. అక్క నాతో మాటలు మానేసింది. అయితే ఆ పురుగును పారెయ్యలేదు, వేరే గ్లాసులో వేసి, ఒక పుల్ల నిలబెట్టి, దోమపిల్లలతో మేపింది. కొన్నాళ్ళకు ఒక ఉదయం నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. పుల్లమీద ఖాళీ డొల్ల, పక్కనే రెక్కలు ఆరబెట్టుకుంటూ తూనీగ. "చూడరా" అంది. ఆ ఒక్క మాటతో నా ప్రాణం లేచివచ్చింది.

ఇప్పుడు నాచు కూడా ప్యాకెట్లో ఇంటికే వస్తోంది, పురుగు ఉచితం. టీ జల్లెడతో దాన్ని పట్టి, గ్లాసులో వేసి, పుల్ల నిలబెట్టి, సామర్లకోటలో ఉన్న అక్కకు వీడియో కాల్‌లో చూపించాను. చాలాసేపు చూసి, "సబ్బేం వెయ్యలేదు కదరా?" అంది.

నవ్వుకున్నాం. కొన్నాళ్ళకు ఈ తూనీగా ఎగిరిపోతుంది, అదీ ఫోనులోనే చూపిస్తాను. నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళేంత దగ్గరలో అక్క లేదు, అంతే.