బెరడు

దుంగల జోలికొస్తే ఆ ఇంటి పెద్దకోడలికి కోపం ముక్కుమీదే ఉండేది. పుట్టగొడుగులు పెంచే దుంగలకు కొట్టిన చెట్టు పచ్చిగా ఉండాలి, ముక్కలు నీడలో పేర్చాలి, బెరడు గోరంత కూడా లేవకూడదు. ఒక్కో దుంగనూ తడిమి చూశాకే డ్రిల్లుతో తొలిచి, విత్తనం కూరి, మైనం పూసేది. "నాకు జ్వరమొస్తే ఇంతలా తడమవు గదే!" అని భర్త ఏడిపించేవాడు. ఆ ఏడాది దుంగలు తనే కొట్టిపెట్టిన వారంలోనే అతను పోయాడు. ఆమె మళ్లీ షెడ్డుకు వెళ్లేసరికి మరిది వాటి బెరడు తీసి నున్నగా చెక్కుతున్నాడు.

"నీకు పని తగ్గుతుందని శుభ్రం చేస్తున్నా వదినా."

"నా తలకాయ శుభ్రం చేశావ్! తోలు వలిస్తే తడారిపోదూ? ఇంకేం మొలుస్తాయిరా వీటిమీద? అడగడానికి నోరు పడిపోయిందా?"

"అరవకు వదినా. రేపే ఇంకో చెట్టు కొట్టిస్తాలే."

"కొట్టించు. మీ అన్నతో కొట్టించు, చూస్తాను."

అతను కత్తి కింద పడేశాడు. చెక్కకుండా మిగిలిన ఒకే ఒక్క దుంగను ఆమె చంకనెత్తుకుని పోయింది. మరుసటి ఏడాది వానలకు అది గుప్పెడు పుట్టగొడుగులు కాసింది. వాటిని వండి, మరిది ఎదురుగానే కూర్చుని, ఒక్క ముక్క పెట్టకుండా మొత్తం తినేసింది.