దేవుని గుప్పెడు

ఆళ్లగడ్డలో సువార్తమ్మ ప్రార్థన మొదలుపెట్టిందంటే పొయ్యి మీద ఎసరు ఇగిరిపోవాల్సిందే. అంత పొడుగు. పక్కింటి భ్రమరాంబిక గడపలో కూర్చుని ఓపిగ్గా వినేది. ఆమె, భర్త చెంచయ్య, ఇద్దరు పిల్లలు నల్లమల గూడెం నుంచి వచ్చినవాళ్లు. విగ్రహాలు చెక్కే షెడ్లలో మొగుడూ పెళ్లాలు రాళ్లు మోసేవాళ్లు. భ్రమరాంబికను ఎలాగైనా తన దేవుని దగ్గరికి చేర్చాలని సువార్తమ్మకు మహా ఆశ.

సువార్తమ్మ వెళ్లే క్రైస్తవ సంఘంలో ఆడవాళ్లకు ఒక పద్ధతి ఉంది. వండే ప్రతిసారీ బియ్యంలోంచి గుప్పెడు తీసి, దేవునికని వేరే డబ్బాలో పోస్తారు. డబ్బా నిండాక చర్చికి, వాళ్ల మాటలో గుడికి, తీసుకెళ్తే అక్కడ వేలం పాడతారు. ఇంట్లో ఇంకెవరూ దాన్ని ముట్టరు. సువార్తమ్మయితే చేతులు కడుక్కోనిదే మూత తీసేది కాదు.

కరోనా వచ్చి షెడ్లు మూతపడ్డాయి. గుడికీ తాళం పడింది. సువార్తమ్మ ఇడ్లీల బండి ఆగిపోయి ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. తాను కూడా రాత్రి జొన్నజావ తాగి పడుకుంది. పొద్దున్నే భ్రమరాంబిక గిన్నె పట్టుకుని వచ్చింది. పిల్లలు నిన్నటి నుంచి ఏమీ తినలేదంది. ఆమె చూపు ఆ డబ్బా మీద పడింది.

“అవి దేవుని బియ్యం తల్లీ. నేనే ముట్టను” అంది సువార్తమ్మ.

అబద్ధం కాదు, అదే బాధ. పిసినారితనమైతే ఒకసారి ఏడ్చి వదిలించుకోవచ్చు. ఈమె భక్తితోనే ఆ పని చేసింది. భ్రమరాంబిక డబ్బాకు దండం పెట్టి ఖాళీ గిన్నెతో వెళ్లిపోయింది. సువార్తమ్మ మోకాళ్లూని వాళ్ల కోసం ప్రార్థన చేసింది. లేచి బయటికొచ్చేసరికి పక్కింటికి తాళం. పిల్లల్ని చంకనేసుకుని గూడేనికి నడిచి వెళ్లారని వీధిలో చెప్పారు.

గుడి తెరిచాక డబ్బా తీసుకెళ్లి మూత తీస్తే అంతా పురుగు. వేలంలో ఎవరూ నోరు విప్పలేదు. చివరికి ఒకాయన, కోళ్లకైనా పనికొస్తాయని పాడుకున్నాడు. సువార్తమ్మ వెనక వరుసలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పిల్లలకు పెట్టని బియ్యం కోళ్లకు పోయాయి. తాను చేసిందేమిటో ఆమెకు ఇంకెవరూ చెప్పనక్కర్లేకపోయింది.

మరుసటి ఏడు నంద్యాలలో స్త్రీల ప్రార్థన కూడికకు వెళ్తుంటే, కడుతున్న ఇంటి ముందు ఇసుక జల్లిస్తూ భ్రమరాంబిక కనిపించింది. సువార్తమ్మ పరుగున పోయి చేతులు పట్టుకుంది. పిల్లలు బాగున్నారని విని ప్రాణం కుదుటపడింది. ఆ రోజు తప్పు చేశానని, క్షమించమని నడిరోడ్డు మీదే ఏడ్చింది. నాలుగు తిట్టినా బాగుండు, ఈ బరువు దిగుతుంది అనుకుంది.

భ్రమరాంబిక కంగారుపడింది.

“నీదేం తప్పక్కా? అడిగింది నాది తప్పు. మీ దేవుడు పెట్టనీయడని నాకు తెలీకపాయ. ఏమనుకోవాకు.”

మా దేవుడు అట్లాంటోడు కాదు తల్లీ అనబోయింది సువార్తమ్మ. కానీ ఆయన ఎట్లాంటోడో ఆ పిల్లకు చూపించింది తానే.