మొదటి నీళ్ళు

మా వదిన చేతి దెబ్బ తినని వాళ్ళు మా వీధిలో తక్కువ. నేనూ తిన్నాను, కాబట్టి ధైర్యంగా చెప్పగలను. చర్చి బట్టలు ఉతికే మనిషి ఆమె. బలిపీఠం మీద పరిచే గుడ్డలు, ఫాదరుగారి తెల్ల అంగీలు, పూజలో పాత్ర తుడిచే చిన్న గుడ్డలు, అన్నీ ఆమె చేతి మీదుగా పోవాల్సిందే. బండకేసి బాదీ బాదీ ఆ చేతులు బండల్లాగే తయారయ్యాయి. అందుకే వీధంతా చాటుగా బండక్క అంటారు. మొహం మీద అనే ధైర్యం ఆమె తమ్ముడికి ఒక్కడికే ఉండేది.

తల్లి పోయాక ఆ తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. పెళ్ళయి మా అన్నతో కాపురానికొస్తే వాడూ వెనకాలే వచ్చాడు. "కోడలితో పాటు కొసరు కూడా పంపించారు" అని మా అమ్మ మూతి మూడు వంకర్లు తిప్పింది. వాడు పెద్దవాడై చర్చి వెనకున్న బట్టల రంగుల కార్ఖానాలో మేస్త్రీ అయ్యాడు. ఆదివారం పూజలో సిలువ పట్టుకుని అందరికన్నా ముందు నడిచేదీ వాడే. వదిన ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని వాడలా నడుస్తుంటే, అబ్బో, ఆమె మొహం చూసి తీరాలి!

ఇక్కడో పద్ధతి చెప్పాలి. పాత్ర తుడిచిన గుడ్డ జాడించిన మొదటి నీళ్ళు కాలవలో పొయ్యకూడదు. పూజలో ఆ పాత్రలోని ద్రాక్షరసం ప్రభువు రక్తమవుతుందని మా నమ్మకం, ఆ రక్తం తాకిన గుడ్డ అది. సబ్బు పెట్టకముందే ఒకసారి జాడించి, ఆ నీళ్ళు ఎవరూ తొక్కని శుభ్రమైన మట్టిలో పొయ్యాలి. మా వదిన వాటిని చర్చి గోడవారన తనే నాటిన గులాబీ మొదట్లో పోసేది. పోస్తున్నంతసేపూ ఎవరితోనూ మాట్లాడదు. ఆమె నోటికి మూత పడేది ఆ కాసేపే, మా చెవులకి విశ్రాంతీ అప్పుడే.

ఆ గులాబీ చచ్చిపోయింది. ఎండిపోవడం కాదు, మొదలు నల్లబడి కుళ్ళిపోయింది. మా సంఘానికో పెద్దాయన ఉన్నాడు, కార్ఖానా యజమాని కాళ్ళావేళ్ళా పడి చర్చికి కొత్త పైకప్పు వేయించిన ఘనుడు. పూజ అయ్యాక అందరి ముందూ వదినని నిలబెట్టాడు.

"మరకలు త్వరగా పోవాలని మొదటి నీళ్ళలోనే బ్లీచింగు కలుపుతున్నావు కదూ? ప్రభువు నీళ్ళలో విషం కలిపావు. రేపట్నుంచి నువ్వు గుడ్డలు ముట్టుకోవద్దు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వదిన మాత్రం ఇంటికెళ్ళి గునపం తెచ్చింది. పెద్దాయన బుర్ర పగిలిందే అని భయపడ్డాను. నిజం చెప్పొద్దూ, కాస్త ఆశ కూడా పడ్డాను.

"తవ్వుతాను" అంది. "విషం పోసింది నేనో, ఇంకెవరో మట్టే చెప్తుంది."

నాలుగు పోట్లు పొడిచిందో లేదో, గునపం దేన్నో చీల్చింది. నల్లటి నీళ్ళు బుస్సుమని మా మొహాల మీదికి చిమ్మాయి. ముక్కులు మండిపోయాయి. చూస్తే గొట్టం, అతుకు దగ్గర ముందునుంచే కారుతున్నట్టుంది. కార్ఖానా గోడ కింది నుంచి వచ్చి, మా వీధంతా తాగే చర్చి బావి పక్క గుంటలోకి పోతోంది. కొత్త కప్పు వేసినప్పుడు ఆ కందకం తవ్వించింది వదిన తమ్ముడే. కప్పు మీది వాననీళ్ళు గుంటలోకి పంపుతున్నామన్నాడు, మేం చప్పట్లు కొట్టాం. వాననీళ్ళ పేరు చెప్పి రంగు నీళ్ళు పంపాడన్నమాట! బావి నీళ్ళు ఎందుకు చేదెక్కాయో, మా అన్న కూతురి చేతుల మీద ఆ పుళ్ళెందుకు మానట్లేదో అప్పుడర్థమైంది.

ఫాదరుగారు పరిగెత్తుకొచ్చారు. దేవుడిచ్చిన నీళ్ళూ మట్టీ పాడుచేస్తే ముందు చచ్చేది పేదవాడేనని ఆయన ప్రసంగాల్లో ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు. మేం ఆ కాసేపూ కునుకు తీసేవాళ్ళం.

ఆయన వెనకాలే వదిన తమ్ముడూ వచ్చాడు, కార్ఖానా మనుషుల్ని వెంటేసుకుని. అందరి చేతుల్లోనూ ఇనప రాడ్లు.

"అక్కా, గునపం కింద పెట్టు."

"ఇది నువ్వే వేశావట్రా?"

"ఈ గొట్టం మూస్తే కార్ఖానా మూస్తారు. వీధిలో సగం పొయ్యిలు ఆరిపోతాయి. నీళ్ళదేముంది, ఎక్కణ్ణించైనా తెచ్చుకోవచ్చు."

"నీ మేనకోడలి చేతులు చూశావా?"

వాడు తలొంచుకున్నాడు. వంచుకునే, "తప్పుకో అక్కా" అన్నాడు.

వదిన తప్పుకోలేదు. గునపమెత్తి గొట్టాన్ని ఇంకో పోటు పొడిచింది. దాంతో మీదపడ్డారు. ఫాదరుగారు అడ్డమెళితే ఆయన తల పగిలి తెల్ల అంగీ అంతా రక్తమైంది. నేను ఒకడి చెయ్యి పళ్ళతో పట్టుకుని వదల్లేదు, వాడు నా జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు. వదిన మోచేత్తో ఒక్కటిస్తే ఒకడి ముందుపళ్ళు రాలాయి. మళ్ళీ గునపం ఎత్తింది. దాన్ని పడగొట్టాలని తమ్ముడు రాడ్డు విసిరాడు. అది ఆమె కుడి మణికట్టు మీద పడింది.

ఎండుపుల్ల విరిగినట్టు వినిపించింది. కొట్టేవాళ్ళూ ఆగిపోయారు.

"అక్కా..." అన్నాడు వాడు.

"థూ" అని ఉమ్మింది వదిన. వాళ్ళు గొట్టం చిల్లుకి గుడ్డలు కట్టి, గొయ్యి పూడ్చేసి పోయారు.

మళ్ళీ ఆదివారం వచ్చింది. పెద్దాయన ఇంటింటికీ తిరిగి, "ఇంట్లో గొడవ వీధికెక్కించకండి, మన కప్పు సంగతి ఆలోచించండి" అని బతిమాలాడు. వదిన చేతికి కట్టుతో, ఫాదరుగారు తలకి కుట్లతో పూజకొచ్చారు. తమ్ముడు సిలువ మోశాడు. చొక్కా నలిగిపోయి ఉంది, ఇస్త్రీ చేసేవాళ్ళు లేరు కదా.

"ఒకరికొకరు సమాధానం చెప్పుకోండి" అన్నారు ఫాదరుగారు. సమాధానమంటే మా చర్చి మాటలో శాంతి, అందరం పక్కవాళ్ళతో చేతులు కలిపి అది చెప్పుకునే సమయం. తమ్ముడు తన బెంచీ వదిలి వదిన దగ్గరికొచ్చి చెయ్యి చాచాడు. కళ్ళనిండా నీళ్ళు.

వదిన కట్టు కట్టిన చెయ్యి ఎత్తి చూపించింది. "ఈ చెయ్యి నువ్వు విరిచావు, ఇది ఇవ్వలేను. రెండోది ఇస్తాను. ముందెళ్ళి గొట్టం పీకి రా."

ఫాదరుగారు బలిపీఠం దగ్గర్నుంచి వెనక్కెళ్ళి కుర్చీలో కూర్చున్నారు.

"అతను తిరిగొచ్చేదాకా పూజ సాగదు."

"ఇదేం పద్ధతి ఫాదర్?" అని లేచాడు పెద్దాయన.

"పద్ధతి నాకు తెలుసు. కూర్చోండి."

తమ్ముడు బయటికెళ్ళాడు. గునపం దెబ్బలు గోడలోంచి లోపలికి వినిపించాయి. కాసేపటికి వేరే గొంతులు, బూతులు. ఆ తర్వాత వినిపించినవి మట్టి మీద పడే దెబ్బలు కావు.

అందరికన్నా ముందు లేచింది వదిన. వెళ్ళి చూస్తే, వాడు గోతిలో బోర్లా పడి పీకిన గొట్టం ముక్కని కావలించుకుని ఉన్నాడు. మొన్న వాడు వెంటేసుకొచ్చిన మనుషులే వీపు మీదా తల మీదా బూట్లతో తొక్కుతున్నారు. వాడు గొట్టం వదలట్లేదు. వదిన గోతిలోకి దూకి వాడి మీద పడుకుంది. తర్వాతి తన్నులు ఆమె వీపున పడ్డాయి. అప్పుడు మేం ఊరుకున్నామా? కొవ్వొత్తి స్తంభాలతో, చెప్పులతో, చేతికి దొరికినవాటితో వాళ్ళని తరిమి తరిమి కొట్టాం. దేవుడు క్షమించాలి, పడిపోయినవాణ్ణి కూడా కొట్టాను నేను. పెద్దాయన మాత్రం కొత్త కప్పు కిందే కూర్చుండిపోయాడు.

వాణ్ణి లేవదీశాం. ఒక కన్ను చితికిపోయింది. తడుముకుంటూ చెయ్యి చాచాడు. వదిన ఎడమ చేత్తో ముందు చెంప ఛెళ్ళుమనిపించింది. ఆ తర్వాత వాడి తల గుండెలకేసి అదుముకుని, "సమాధానంరా, సమాధానం" అని భోరుమంది.

వాడన్నట్టే కార్ఖానా మూసేశారు, వీధిలో సగం పొయ్యిలు ఆరిపోయాయి. చర్చి ఆవరణలో ఒక్క పొయ్యి పెట్టి అందరం కలిసి వండుకు తిన్నాం. వంతులేసుకుని బావి తోడాం, ఇంకా తోడుతూనే ఉన్నాం. కుళ్ళిన మట్టి ఎత్తిపోసి ఆ గోతిలో కొత్త మట్టి నింపాం.

తమ్ముణ్ణి ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చారు, ఒంటికన్నుతో. ఆ రోజు వదిన వాడి చొక్కా నానబెట్టి ఒంటిచేత్తో జాడించింది. నీళ్ళు ఎర్రగా దిగాయి. కాలవలో పారబోద్దామని నేను బేసిన్ ఎత్తాను.

"ఆగు" అంది.

మంచం మీంచి వాడు గొణిగాడు. "పాపిష్టి రక్తం అక్కా. కాలవలో పొయ్యమను."

"నువ్వు నోర్మూసుకుని పడుకో."

బేసిన్ నా చేతిలోంచి లాక్కుని, నడుముకి ఆనించుకుని, చర్చి గోడ దగ్గరికి నడిచింది. గులాబీ ఉన్నచోట, ఆ కొత్త మట్టిలో, మొదటి నీళ్ళు పోసింది. పోస్తున్నంతసేపూ ఒక్క మాట కూడా మాట్లాడలేదు.